డీజిల్ ఇంకిన ఎర్రనేలను మొక్కలతో, ఎరువులతో బాగు చేసుకోవచ్చునా? (గుత్తి ప్రాంతం)

చీనీతోట_గుత్తి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గుత్తికి దగ్గరలో 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని మాకు కొంత ఎర్రనేల ఉంది. రోడ్డు వైపు మూలను చాలా ఏళ్ల పాటు లారీలు బాగుచేసే షెడ్డుకు అద్దెకు ఇచ్చాము. ఈ మధ్యనే షెడ్డు ఖాళీ అయింది. రేకులు, ఇనుప సామాను తీసుకుపోయారు గాని, వారు వదిలి వెళ్లిన నేలను చూస్తే మనసుకు కష్టంగా ఉంది.

పాడైన చోట్లు రెండు ఉన్నాయి. డీజిల్ డ్రమ్ములు పెట్టిన చోట ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు మేర నేల ముదురు రంగుకు తిరిగింది. పారతో తవ్వితే అడుగు లోతు దాకా డీజిల్ వాసన వస్తోంది, ఆ కింద మామూలు ఎర్రమట్టి కనిపిస్తోంది. ఇక్కడ నీళ్లు పోస్తే వెంటనే ఇంకవు, బొట్లు బొట్లుగా పైనే నిలుస్తాయి. రెండో చోటు ఇంతకంటే చిన్నది, లారీల కింద దూరి పని చేసే గుంత దగ్గర ఉంది. అక్కడ వాడేసిన ఇంజన్ ఆయిల్, గ్రీజు కలిసి నేల నల్లగా, జిగటగా, తారు పోసినట్లు అయింది. పాత బ్యాటరీలు విప్పింది కూడా అక్కడేనని పక్క చేను వారు చెబుతున్నారు.

మా ఆలోచన ఏమిటంటే, ఈ మూలను కూడా తోటలో కలుపుకుని చీనీ (బత్తాయి) మొక్కలు పెట్టాలని. ఊళ్లో అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. కిరోసిన్ చల్లి నిప్పు పెడితే ఆయిల్ అంతా కాలిపోతుందని ఒకరు, పైన అడుగు మందాన చెరువు మట్టి తోలితే సరిపోతుందని ఇంకొకరు, గడ్డి పెంచితే అదే నూనెను తాగేస్తుందని మరొకరు అంటున్నారు. మాకు తాగునీరు, సాగునీరు ఇచ్చే బోరు ఈ స్థలానికి అరవై అడుగుల దూరంలోనే ఉంది కాబట్టి నాకు అసలు భయం దాని గురించే. దిబ్బ ఎరువు, వేరుశనగ పొట్టు మాకు కావలసినంత దొరుకుతాయి. వీటితో, మొక్కలతో నేలను నిజంగా బాగు చేయవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రేగడి_నంద్యాల:

నమస్కారం అండి. నేలల రసాయన శాస్త్రం నేను చదువుకున్నది, చేస్తున్న పనీ అదే కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను. ముందుగా ఒక మాట: నిప్పు మాత్రం పెట్టకండి. పైన రెండంగుళాల నూనె కాలుతుందేమో గాని, ఆ వేడికి మిగిలినది కిందికి దిగుతుంది. నేలలో మిగిలి ఉన్న కాస్త సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు కూడా ఆ మంటలోనే పోతాయి. చెరువు మట్టి కప్పడమూ మంచిది కాదు. నూనెను విరగ్గొట్టే సూక్ష్మజీవులకు గాలి కావాలి. అడుగు మట్టి కింద ఆ గాలి అందక, నూనె ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పైన పెట్టిన చీనీ మొక్క వేళ్లు కొన్నాళ్లకు సరిగ్గా ఆ పొరకే చేరుతాయి, ఎందుకంటే చీనీకి ఆహారం తీసుకునే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల లోపలే ఉంటాయి.

గడ్డి నూనెను తాగేస్తుందన్న మాటలో సగమే నిజం ఉంది. వేరు తీసుకునేది నీటిలో కరిగిన దానిని. డీజిల్‌లో అధిక భాగం పది నుంచి ఇరవై దాకా కర్బన పరమాణువులు ఉన్న గొలుసులు, ఇవి నీటిలో దాదాపు కరగవు. నూనెను తినేది వేరు కాదు, వేరు చుట్టూ అంటుకుని బతికే బాక్టీరియా, శిలీంధ్రాలు. మొక్క తన వేళ్ల గుండా చక్కెరలను, సేంద్రియ ఆమ్లాలను నేలలోకి వదులుతూ ఉంటుంది కాబట్టి, వేరుకు ఆనుకుని ఉన్న మట్టిలో సూక్ష్మజీవుల సంఖ్య దూరంగా ఉన్న మట్టిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. వాటిలో సూడోమోనాస్, రోడోకాకస్, మైకోబాక్టీరియం వంటి జాతులు డీజిల్ గొలుసులనే ఆహారంగా తీసుకుని, చివరికి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుస్తాయి. చనిపోయిన సన్న వేళ్లు వదిలిన సందుల గుండా గాలి, నీరు లోపలికి దిగడం రెండో మేలు. అందుకే ఈ పనికి లోతుగా దిగే ఒకే తల్లివేరు ఉన్న మొక్క కంటే, నేలను జల్లెడలా పట్టే పీచు వేళ్ల గడ్డి జాతులు బాగా పనికివస్తాయి.

ఆ బాక్టీరియా మీ నేలలో లేదేమోనని దిగులు పడనవసరం లేదు. నూనె ఏళ్ల తరబడి పడిన చోట, దానిని తినే జాతులు వాటంతట అవే పెరిగి ఉంటాయి. అయినా పని సాగకపోవడానికి ప్రధాన కారణం నత్రజని కొరత. డీజిల్ బరువులో సుమారు 85 శాతం కర్బనమే, నత్రజని అన్నది లేనే లేదని చెప్పవచ్చు. ఎండుగడ్డి ఎంత వేసినా నీళ్లు పెట్టని పశువు ఎలా కోలుకోదో, కర్బనం గుట్టగా ఉండి నత్రజని, భాస్వరం అందని సూక్ష్మజీవులు కూడా అలాగే పెరగకుండా నిలిచిపోతాయి. మన ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనమూ, నత్రజనీ అసలే తక్కువ. ఉన్న కొద్ది నత్రజనిని సూక్ష్మజీవులే పట్టేసుకోవడం వల్ల, అక్కడ మొలిచిన మొక్క పసుపు పచ్చగా మారి గిడసబారుతుంది. చాలామంది దీనిని నూనె విషం అని అనుకుంటారు గాని, చాలా సందర్భాలలో అది సగం విషం, సగం ఆకలి.

రెండో కొరత నీరు. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తం వర్షం సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, అదీ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. నూనె పట్టిన మట్టి నీటిని తోసేస్తుంది, మీరు చూసిన బొట్లకు కారణం అదే. కాబట్టి వర్షాన్ని నమ్ముకుని గడ్డి విత్తి వదిలేస్తే ఏమీ జరగదు. తేమ ఉంచగలిగితే మన వేడి మనకు మేలే చేస్తుంది. ఈ సూక్ష్మజీవులు 25 నుంచి 35 డిగ్రీల వేడిలో చురుకుగా పనిచేస్తాయి. జూన్‌లో మొదటి వానలు పడ్డప్పటి నుంచి ఫిబ్రవరి దాకా మన నేల ఇంచుమించు ఆ వేడిలోనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పైమట్టిని ఏదో ఒక కసువుతో కప్పి ఉంచాలి.

ఇక మీరు చెప్పిన రెండు చోట్లను ఒకే జబ్బుగా చూడవద్దని నా గట్టి అభిప్రాయం. డీజిల్ మడి బాగవుతుంది, దానికి పై పద్ధతి సరిపోతుంది. నల్లగా జిగటగా ఉన్న రెండో చోటు కథ వేరు. ఇంజను వేడికి మాడిన ఆయిల్‌లో బెంజీన్ వలయాలు అనేకం కలిసిపోయిన బరువైన పదార్థాలు ఉంటాయి, వాటిని సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా తింటాయి. అరిగిన భాగాల లోహాలు, బ్యాటరీల సీసం అందులో కలిస్తే వాటిని ఏ సూక్ష్మజీవీ నాశనం చేయలేదు. సీసం మూలకం, అది విరిగి మరొకటిగా మారేది కాదు. దయచేసి ఆ రెండు మట్టులను పొరపాటున కూడా కలపకండి.

మొదట ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక కుండీలో డీజిల్ మడి మట్టి, రెండో కుండీలో అదే మట్టిలో సగం మంచి మట్టి కలిపినది, మూడో కుండీలో పూర్తిగా మంచి మట్టి తీసుకుని, ఒక్కొక్క దానిలో ఇరవై జొన్న గింజలు, ఇరవై పెసలు వేసి సమానంగా నీళ్లు పోయండి. ఎన్ని మొలిచాయి, వేరు ఎంత పొడవు సాగింది, కొన గోధుమ రంగుకు తిరిగిందా అన్నది పది రోజుల తర్వాత పీకి చూస్తే, నేల ఇప్పుడే మొక్కను భరించగలదో లేదో తెలుస్తుంది. ప్రభుత్వ భూసార కార్డు మీద ఆశ పెట్టుకోకండి. అందులో వచ్చే పన్నెండు అంశాలలో ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు ఉంటాయి గాని నూనె ఉండదు.

కమలాపురం_రైతు:

పై పెద్దల మాట అక్షరాలా నిజం. నాది కడప జిల్లా, నల్లరేగడి నేల. మా బావి దగ్గర ఇంజను కోసం తెచ్చుకున్న డీజిల్ డ్రమ్ము బండి మీద నుంచి జారి పగిలిపోయింది. మీది ఏళ్ల తరబడి కారిన డీజిల్, మాది ఒక్క పూటలో పడినది, కాబట్టి నా అనుభవం మీకు పూర్తిగా సరిపోకపోవచ్చు.

అది ఎండాకాలం కావడం వల్ల రేగడి బీటలు విచ్చి ఉంది. పైన చూస్తే తడి నాలుగు చాపల వెడల్పే కనిపించింది గాని, గడ్డపారతో తవ్వినప్పుడు డీజిల్ బీటల వెంట మోకాలి లోతు దాకా దిగి, పెళ్లల రెండు ముఖాలకూ పట్టి మెరుస్తూ ఉంది. అదే పెళ్లను విరిస్తే లోపల పొడిగా, మంచిగా ఉంది. రేగడి భూమి ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పైమట్టి తీసేసి పని అయిందనుకుంటే, బీటల్లో ఉన్నది అలాగే ఉండిపోతుంది.

పడిన వెంటనే వేరుశనగ పొట్టు బస్తాలు తెచ్చి పోశాము. పొట్టు చాలా డీజిల్‌ను పీల్చుకుంది, దానిని తట్టలతో ఎత్తి వేరుగా ఉంచాము. తర్వాత మట్టినంతా తవ్వి, గట్టి టార్పాలిన్ మీద ముక్కాలు అడుగు మందాన పరచి, పెళ్లలు పగలగొట్టి, బాగా మాగిన దిబ్బ ఎరువు కలిపాము. మాగని పచ్చి పేడ వద్దని వ్యవసాయం చదివిన మా బంధువు ఒకరు చెప్పారు. వారానికి ఒకసారి పారతో తిరగేయడం, ఎండిపోకుండా నీళ్లు చల్లడం, ఇంతే మేము చేసినది. చేతితో పిడికిలి పడితే ముద్ద కట్టాలి, వేళ్ల సందున నీరు మాత్రం కారకూడదు, ఆ తడి మించనీయలేదు. నీరు ఎక్కువైనప్పుడు మట్టి కుళ్లు వాసన కొట్టింది, తిరగేసి ఆరబెట్టగానే ఆ వాసన పోయింది.

వానాకాలం వచ్చేసరికి డీజిల్ వాసన బాగా తగ్గింది. అప్పుడు అందులో జనుము చల్లి, పూతకు వచ్చినప్పుడు అక్కడే కలియదున్నాము. తరువాతి ఏడు ఆ మట్టిలో జొన్న మొలిచింది, మిగతా చేను కంటే పొట్టిగా వచ్చినా పచ్చగానే ఉంది. ఆ జొన్నను మేము తినలేదు, పశువులకూ వేయలేదు. గట్టు మీద గరిక మాత్రం ఎవరూ నాటకుండానే అందరికంటే ముందు ఆ మట్టిలోకి పాకింది.

చీనీతోట_గుత్తి:

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. కుండీల పరీక్ష చేశాను. డీజిల్ మడి మట్టిలో పెసలు సగం కూడా మొలవలేదు, మొలిచిన వాటి వేళ్లు కురచగా, కొనలు మాడినట్లు ఉన్నాయి. జొన్న కొంత నయం. సగం మంచి మట్టి కలిపిన కుండీలో జొన్న దాదాపు మంచి మట్టితో సమానంగా మొలిచింది. బోరు నీళ్లు బకెట్‌లో పట్టి ఒక రాత్రి ఉంచితే పైన సన్నటి రంగుల పొర కనిపించి భయపడ్డాను, వాసన మాత్రం ఏమీ లేదు.

ఇంకొన్ని సందేహాలు ఉన్నాయి. యూరియా వేయాలంటే ఎంత వేయాలి? మా ఊళ్లో ప్రకృతి వ్యవసాయం చేసేవారు జీవామృతం పోస్తే చాలు అంటున్నారు. కుంకుడుకాయ రసం పోస్తే జిడ్డు వదులుతుందని మా ఇంట్లో పెద్దవారు అన్నారు. నూనె తినే బాక్టీరియాను పొడిగా అమ్ముతారని ఎక్కడో చదివాను. వీటిలో దేనిని నమ్మవచ్చు?

రేగడి_నంద్యాల:

మంచి పరీక్ష చేశారు. జొన్న నిలబడి పెసర తట్టుకోలేకపోవడం ఈ నేలల్లో తరచుగా చూసేదే. మీ నేల చెయ్యి దాటిపోలేదు గాని, నేరుగా విత్తే స్థితిలో మాత్రం లేదు. ముందు కొన్ని నెలలు కమలాపురం వారు చేసినట్లు గాలి, తేమ, ఎరువు ఇచ్చి, ఆ తర్వాత మొక్కలకు వెళ్లడం సరైన క్రమం.

యూరియా లెక్క చెబుతాను, ఇందులోనే చాలామంది తప్పుతారు. మీ మడి మూడు వందల చదరపు అడుగులు, అడుగు లోతు. అంటే సుమారు ఎనిమిదిన్నర ఘనమీటర్లు, బరువులో పన్నెండున్నర టన్నుల పైచిలుకు మట్టి. నూనె ఒక శాతం ఉందని అనుకుందాం, అప్పుడు నూటపాతిక కిలోల నూనె, అందులో సుమారు 106 కిలోల కర్బనం అవుతుంది. పుస్తకాలలో సాధారణంగా చెప్పే నిష్పత్తి వంద పాళ్ల కర్బనానికి పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం. ఆ లెక్కన పదిన్నర కిలోల నత్రజని, అంటే ఇరవై మూడు కిలోల యూరియా వస్తుంది. కానీ దానిని ఒకేసారి మూడు వందల అడుగుల మడిలో వేస్తే, సూక్ష్మజీవులూ, మొక్కలూ రెండూ చస్తాయి. మీ ఎర్ర ఇసుక నేల పట్టి ఉంచే నీరే తక్కువ, ఆ కొద్ది నీటిలో అంత ఎరువు కరిగితే అది ఉప్పునీటితో సమానం. పైగా డీజిల్‌లో తేలిక భాగం తిరగేసినప్పుడే గాలిలోకి పోతుంది. చనిపోయిన సూక్ష్మజీవుల నత్రజని మళ్లీ కొత్తవాటికి అందుతుంది. కాబట్టి ఈ లెక్కలో సగం, అంటే పన్నెండు కిలోలు చాలు. దానిని మూడేసి కిలోల చొప్పున, మధ్యలో మూడు నాలుగు వారాల వ్యవధి ఇస్తూ, నీటిలో కరిగించి చల్లండి. భాస్వరానికి మొదటి విడతలోనే మూడు కిలోల డీఏపీ కలిపితే సరిపోతుంది. దిబ్బ ఎరువును రెండంగుళాల మందాన పరచి కలపండి. వేరుశనగ పొట్టు మట్టిని గుల్లగా ఉంచడానికి చాలా మంచిది, అయితే అది కుళ్లడానికి అదీ నత్రజనినే లాక్కుంటుంది కాబట్టి అంగుళం మందానికి మించి వేయకండి. తేమను పట్టి ఉంచే శక్తిని పెంచడంలో మాత్రం మాగిన ఎరువుకు సాటి వచ్చేది ఏదీ లేదు.

జీవామృతం హాని చేయదు. అందులో పేడ, మూత్రం, పప్పు పిండి ఉన్నాయి కాబట్టి కొంత నత్రజని కూడా వస్తుంది. కానీ అందులో కలిపే బెల్లం సంగతి ఆలోచించండి. సులభంగా జీర్ణమయ్యే చక్కెర దొరికినంత సేపు బాక్టీరియా నూనె జోలికి పోదు. నేనైతే బెల్లం తగ్గించి, మూత్రాన్ని పలుచగా కలిపి చల్లడానికే మొగ్గు చూపుతాను. ప్రకృతి వ్యవసాయం మీద గౌరవం ఉండి చెబుతున్న మాట ఇది.

కుంకుడు విషయంలో మీ పెద్దవారు చెప్పినది శాస్త్రానికి దగ్గరగానే ఉంది. అందులో నురగ తెప్పించే సాపోనిన్లు అనే పదార్థాలు నూనెను చిన్న చిన్న తుంపరలుగా విడదీస్తాయి, అప్పుడు బాక్టీరియాకు పట్టు దొరుకుతుంది. అయితే ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలలో, కింద అడ్డు లేకుండా ఆ రసం పోస్తే, విడిపోయిన నూనె నీటితో పాటు లోపలికి దిగి మీ బోరు వైపే ప్రయాణం చేస్తుంది. టార్పాలిన్ మీద పరచిన మట్టికైతే పలుచగా చల్లవచ్చు, నేల మీదనే ఉన్న మట్టికి వద్దు. బట్టలుతికే పొడి అసలే వద్దు.

ప్యాకెట్ బాక్టీరియా విషయానికి వస్తే, అది వట్టి మాట కాదు. ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ ఆయిల్‌జాపర్ పేరుతో అయిదు రకాల బాక్టీరియాను కలిపి, పొడి చేసిన మొక్కజొన్న బెండులో నింపి తయారు చేసింది. ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీతో కలిసి చమురు బావుల దగ్గర పేరుకున్న మడ్డిని దానితో శుద్ధి చేశారు. కానీ అది వందల, వేల టన్నుల పని. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డేజ్ ఓడ చమురు ఒలికినప్పుడు, అక్కడి గులకరాళ్ల ఒడ్డున సూక్ష్మజీవులతో చేసిన శుద్ధికి వాడినది ప్రధానంగా నత్రజని, భాస్వరపు ఎరువులే. అక్కడ ఉన్న స్థానిక బాక్టీరియాకు తిండి పెట్టగానే అవే పని చేశాయి. మీ మూడు వందల అడుగుల మడికి నేను డబ్బు పెట్టి బాక్టీరియా కొనను.

మొక్కల వరుస ఇలా పెట్టుకుంటే బాగుంటుంది. మట్టి వాసన తగ్గి, నీటి బొట్టు ఇంకడం మొదలైన తర్వాత జొన్నను ఒత్తుగా చల్లండి, చుట్టూ గరిక పిలకలు నాటండి. మరుసటి విడత జనుము గాని జీలుగ గాని వేయండి, పప్పు జాతి కాబట్టి అవి గాలి నుంచి నత్రజనిని తెచ్చి నేలకు ఇస్తాయి. వట్టివేరును మడికి దిగువ పక్క వరుసగా పెడితే, దాని వేళ్లు నిలువుగా చాలా లోతుకు దిగి, కొట్టుకుపోయే మట్టిని ఆపుతాయి. శాశ్వతంగా ఒక చెట్టు కావాలనుకుంటే ఆ మూలకు కానుగ సరైనది. ఎండకు తట్టుకుంటుంది, నత్రజనిని స్థిరపరుస్తుంది, దాని కాయను ఎవరూ తినరు. చీనీ మాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

షెడ్డు_పని_అనంతపురం:

నేను వాహనాల మరమ్మతు పనిలోనే పెరిగినవాడిని, అందువల్ల ఆ నల్లటి గుంత గురించి, బోరు గురించి రాయాలనిపించింది.

వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. ఆయిల్ తడిసిన మడ్డి కూడా ఆ జాబితాలో ఉంది. దానిని వాగులో పోయడం, చేనులో కలపడం, గట్ల మీద చెదలకు చల్లడం ఇవన్నీ మన వైపు మామూలుగా చేసేవే అయినా చేయకూడనివి. ఆ జిగట మట్టిని చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఎండిన రోజున తవ్వి, మూత ఉన్న డ్రమ్ములలో గాని మందపాటి ప్లాస్టిక్ సంచులలో గాని నింపి, వాన తగలని చోట ఉంచండి. ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇటువంటి వ్యర్థాలను భద్రపరిచే కేంద్రం మన రాష్ట్రంలో విశాఖపట్నం దగ్గరి పరవాడ వద్ద ఉంది, అక్కడికి చేర్చే మార్గం వారు చెప్పాలి. తవ్విన గుంత అడుగున మిగిలిన మట్టిని సీసం కోసం ప్రయోగశాలలో తప్పకుండా పరీక్ష చేయించండి. షెడ్డు 2000 సంవత్సరానికి ముందు నుంచే నడిచి ఉంటే ఇది మరీ అవసరం, ఎందుకంటే అప్పటి దాకా పెట్రోలులో కూడా సీసం కలిపి అమ్మేవారు. పిల్లలు ఆ చోట ఆడకుండా చూడండి. సీసం పెద్దల కంటే పిల్లలకే ఎక్కువ చేటు చేస్తుంది, మట్టి చేతులను నోట్లో పెట్టుకునేదీ వారే.

బోరు నీటి మీద కనిపించిన రంగుల పొర గురించి భయపడే ముందు ఒక పని చేయండి. ఒక పుల్లతో ఆ పొరను తాకి చూడండి. గాజు పెంకులా ముక్కలు ముక్కలుగా విడిపోయి అలాగే నిలిస్తే, అది ఇనుము ఉన్న నీటిలో పెరిగే బాక్టీరియా పొర. పుల్ల తీయగానే మళ్లీ చేరి ఒకటైతే అది నూనె. వాసన లేదన్నారు కాబట్టి మొదటిదే కావచ్చు గాని, దాని మీద ఆధారపడి తాగవద్దు. మన వైపు నేల కింద ఉన్నది గట్టి రాయి, నీరు పగుళ్ల వెంటనే నడుస్తుంది. ఇసుక నేలలో ఇంత దూరం, ఇన్నేళ్లు అని వేసే అంచనా రాతి పగుళ్లకు వర్తించదు. గుత్తి నుంచి అనంతపురం దూరం కాదు, జేఎన్‌టీయూలోనూ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ రసాయన శాస్త్ర విభాగాలు ఉన్నాయి. పెట్రోలియం హైడ్రోకార్బన్లు, సీసం రెండూ పరీక్షించాలని స్పష్టంగా చెప్పి, నీటిని ఎలాంటి సీసాలో పట్టాలో వారినే ముందుగా అడిగి తీసుకెళ్లండి. నూనె పరీక్షకు గాజు సీసా కావాలంటారు, ప్లాస్టిక్ సీసా గోడలకు నూనె అంటుకుంటుంది. ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోవడం మంచిది.

చీనీతోట_గుత్తి:

పుల్లతో తాకి చూశాను, పెంకుల్లాగే విడిపోయింది, మళ్లీ కలవలేదు. అయినా నీటిని పరీక్షకు పంపుతున్నాను. నల్ల మట్టిని విడిగా తీసి డ్రమ్ములలో పెట్టడం ఈ వారంలోనే మొదలుపెడతాము. చీనీ ఆలోచన మానుకుని ఆ మూలలో కానుగ పెడతాము. చివరగా ఒక్క ప్రశ్న. డీజిల్ మడిలో పెరిగే జొన్న చొప్పను, గరికను మా ఆవులకు వేయవచ్చునా? ఈ కరువులో పచ్చి మేత వృథా చేయాలంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

రేగడి_నంద్యాల:

మొదటి రెండు పంటలు వేయకండి. వేరు నూనెను తాగదని చెప్పినది నిజమే గాని, ఆవిరైన డీజిల్ ఆకుల మీద పట్టవచ్చు, గడ్డితో పాటు వేళ్లకు అంటిన మట్టి కూడా పశువు కడుపులోకి పోతుంది. పాలలో వాసన రావడం దాకా తెచ్చుకోవద్దు. కోసిన చొప్పను అదే మడిలో పరచండి, ఎండాకాలంలో నేలను కప్పి ఉంచడానికి మీకు ఎలాగూ కసువు కావాలి. ఏడాది తర్వాత మళ్లీ కుండీల పరీక్ష చేసి, పెసర వేళ్లు మంచి మట్టిలో పెరిగిన వాటితో సమానంగా తెల్లగా సాగితే, అప్పుడు ప్రయోగశాల పరీక్షకు పంపి, ఆ ఫలితాన్ని బట్టి మేత సంగతి చూద్దాం.

ఇంకొక మాట, ఇది మొదటి వాన పడకముందే చేయవలసిన పని. మడి చుట్టూ ముక్కాలు అడుగు ఎత్తున గట్టు వేయండి. గుత్తి వైపు వాన పడితే ఒక్క గంటలో కుండపోతగా పడుతుంది, తవ్వి గుల్ల చేసిన మట్టి ఆ నీటితో కొట్టుకుపోయి దిగువ రైతు చేనులోకి గాని కుంటలోకి గాని చేరకూడదు. గట్టు వేశాక ఫొటో పెట్టండి, వాలు ఎటు ఉందో చూసి వట్టివేరు వరుస ఎక్కడ పెట్టాలో చెబుతాను.